సగంలో ఆగిన కుట్టుపని: పది నిమిషాలు దొరికినా ముందుకు కదిలేలా

బీరువా అడుగున ఫాల్ వేయని చీరలు రెండు, చేతులు ఎక్కించని జాకెట్టు ఒకటి, పాప పుట్టినరోజుకని కత్తిరించి పక్కన పెట్టిన గౌను, నాలుగు వరసల దగ్గర ఆగిన క్రోషే టోపీ. కుట్టుపని వచ్చి, చిన్నపిల్లలూ ఉన్న ఇంట్లో ఇలాంటి మూట ఒకటి ఉండి తీరుతుంది. తీరిక లేకే ఆగాయి, నిజమే. మళ్లీ మొదలవకపోవడానికి కారణం మాత్రం వేరు. అరగంట దొరికిందని మూట విప్పితే, ఎక్కడ ఆపామో, ఈ ముక్క ఏ వైపుదో, దీని రీలు ఏదో వెతుక్కోవడానికే ఆ అరగంట చెల్లిపోతుంది. అందుకే ముందు సరిగ్గా ఆపడం నేర్చుకోవాలి. వేగం సంగతి తర్వాత.

ఒక్కో పనికి ఒక్కో సంచీ, అందులో ఒక చీటీ

మూటంతా మంచం మీద పోసి, పనికొక సంచీ కేటాయించండి. దుప్పట్లు కొన్నప్పుడు వచ్చే జిప్పు కవర్లు దీనికి బాగుంటాయి, లోపలేముందో పైకే కనిపిస్తుంది. పట్టు, జరీ ఉన్నవి మాత్రం అందులో పెట్టకండి. పాత నూలు దిండు గలీబులో పెట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి. వాటి పక్కన కలరా ఉండలు వద్దు, జరీ నల్లబడుతుంది.

బట్టతో పాటు రీలు, అదే రంగు చుట్టిన బాబిన్, హుక్కులు, లైనింగ్, మిగిలిన ముక్కలు అన్నీ ఆ సంచీలోనే ఉండాలి. ఆది జాకెట్టు రోజువారీ వాడుకలో ఉంటుంది కాబట్టి దాని కొలతలు చీటీ మీదకి ఎక్కించండి. చీటీలో ఎవరికి, ఎప్పటికి, కొలతలు తీసుకున్న తేదీ, లైనింగ్ తడిపారా లేదా, తర్వాత వేయాల్సిన కుట్టు ఏది అన్నవి రాయాలి. "సగం అయింది" అని రాస్తే రెండు నెలల తర్వాత మీకే అర్థం కాదు. "భుజాలు కలిపాను, మెడ పైపింగ్ అయింది. తర్వాత చేతులు. సూది 14, కుట్టు పొడవు 2.5" అని ఉంటే కూర్చున్న వెంటనే కుట్టొచ్చు.

లైనింగ్ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ పని చెడేది ఎక్కువగా అక్కడే. తడపకుండా కత్తిరించిన నూలు లైనింగ్ మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి, పైబట్ట ముడతలు పడుతుంది. తడిపారో లేదో గుర్తులేకపోతే చేత్తో నలిపి చూడండి. గంజి బిరుసు ఉంటే తడపలేదనే అనుకోండి. ఇంకా జత చేయకపోతే ముక్కల్నే తడిపి ఆరబెట్టి, పైబట్ట ముక్కల మీద పరిచి సరిచూడండి. లోపల వదిలిన బట్టలో ఆ తేడా సర్దుకుంటే సరే. లేదంటే లైనింగ్ కొత్తగా కత్తిరించడమే మేలు.

ఎక్కడ ఆపాలి

జతగా ఉండేవాటి మధ్యలో ఆపకండి. ఒక చెయ్యి ఈ రోజు, రెండోది మూడు వారాల తర్వాత ఎక్కిస్తే కుట్టు దూరం మారిపోయి ఒకటి బిగుతుగా, ఇంకొకటి వదులుగా వస్తుంది. హుక్కుల పట్టీ, కాజాల పట్టీ కూడా అంతే. టైం ఒక చేతికే సరిపోతుందనిపిస్తే అసలు మొదలుపెట్టకండి, ఆ కాసేపట్లో రెండు చేతుల అంచులూ మడిచి పెట్టుకోండి.

పిల్లవాడు పిలిస్తే కుట్టు మధ్యలో లేవక తప్పదు. సూది బట్టలో దించే ఉంచండి, బట్ట కదలదు. తిరిగి వచ్చాక కుట్టు తెగినట్టుంటే అరంగుళం వెనక్కి పోయి పాత కుట్టు మీదుగానే మళ్లీ మొదలుపెట్టండి.

రోజులు పట్టే పనికి గీతల్ని నమ్మకండి. చాక్‌పీసు గీత మడతల్లో రాలిపోతుంది. దానంతట అదే మాసిపోయే పెన్ను గుర్తు ఒకటి రెండు రోజులే ఉంటుంది. తడిపితే పోయే పెన్నుతో గీసి, తడపకుండానే ఇస్త్రీ పెడితే గీత బట్టలో ఉండిపోతుంది. డాట్లు, మధ్య గీత, చంక గుర్తులు వేరే రంగు దారంతో కచ్చా కుట్టుగా వేసేయండి. గుండుసూదులన్నీ తీసే సంచీ కట్టాలి. వానాకాలంలో అవి తుప్పు పట్టి పట్టు మీద మచ్చ చేస్తే ఆ మచ్చ వదలడం చాలా కష్టం. ఎంబ్రాయిడరీ రింగు కూడా ఏ పూటకాపూట విప్పాలి, లేకపోతే గుండ్రటి ముడత ఉండిపోతుంది.

ఏ తీరికలో ఏ పని

కత్తిరింపుకి గంటన్నర ఎవరూ కదిలించని టైం కావాలి, నేల మీద చోటూ కావాలి. అది పిల్లలు బడిలో ఉన్నప్పుడో, ఇంట్లో ఇంకొకరు వాళ్లని చూసుకుంటున్నప్పుడో చేసేది. నిద్ర మత్తులో రాత్రి పదకొండుకి కత్తెర పట్టడం కన్నా పడుకోవడం నయం. తప్పు కుట్టు విప్పుకోవచ్చు, తప్పుగా తెగిన బట్ట అతకదు. మిషన్ పని అరగంట ముక్కలుగా సాగుతుంది. సంచీలన్నిటిలో ఒకే రంగు దారం పనులు వెతికి ఒకేసారి కూర్చుంటే దారం మార్చే పని తప్పుతుంది. బాబిన్లు నాలుగు ఒకేసారి చుట్టి పెట్టుకోండి.

హెమ్మింగ్, హుక్కులు, ఫాల్ చేతిపనులు కనుక డాన్స్ క్లాసు బయట కూర్చున్నా అవుతాయి. ఫాల్‌ని ముందుగా నీళ్లలో తడిపి, ఆరాక ఇస్త్రీ చేసి, చీర అంచు లోపలివైపు ఫాల్ పొడవునా కచ్చా కుట్టు వేసేయండి. ఆ తర్వాత ఎక్కడ ఆపినా జరగదు. ఐదు సూదుల్లో చెయ్యి పొడవు దారం ముందే ఎక్కించి గుచ్చి పెట్టుకుంటే వెలుతురు తక్కువైన చోట తిప్పలుండవు. అంతకన్నా పొడుగు దారం చిక్కుపడుతుంది.

క్రోషే ఆపేటప్పుడు చివరి ముడి ఊడకుండా పిన్నీసు తగిలించి, హుక్కు సైజు, వరస నంబరు రాయండి. ఊలు ఉండ మీది కాగితం పారేయకండి, అదే లాటు నంబరు (ఒకేసారి రంగు వేసిన ఊలుకి ఇచ్చే నంబరు) దొరక్కపోతే రంగు తేడా వస్తుంది. నెలల తర్వాత మొదలుపెడితే చెయ్యి బిగువు మారి ఉంటుంది. రెండు వరసలు వేసి పాతవాటితో కొలిచి చూశాకే ముందుకెళ్లండి.

పిల్లల బట్టలు ఆగవు

బడి వయసు పిల్లలు ఏడాదికి సుమారు రెండంగుళాలు పెరుగుతారు. ఆర్నెల్లు ఆగిన గౌనుకి కొలతలు మళ్లీ తీసుకోవాల్సిందే. పట్టు లంగా నాలుగంగుళాలు పొడుగ్గా కత్తిరించి, నడుం దగ్గర జాకెట్టు కింద దాగే చోట ఒక్కో అంగుళం లోతున రెండు టక్కులు వేస్తే ఆ నాలుగంగుళాలూ లోపలికి పోతాయి, పెరిగేకొద్దీ ఒక్కోటి విప్పొచ్చు. 11 నంబరు సూదితో పొడుగు కుట్టు వేయండి, విప్పినా చిల్లులు పెద్దగా కనిపించవు. బాలింత జాకెట్టుకి సైడ్లలో అంగుళంన్నర వదలండి, సైడ్లు కొట్టేది అన్నిటికన్నా ఆఖరున.

పాకే పిల్లలుంటే లేచిన ప్రతిసారీ మిషన్ స్విచ్చి ఆపి ప్లగ్గు తీయండి, పెడలు సరిగ్గా వాళ్ల చేతికందే ఎత్తులోనే ఉంటుంది. కాలి మిషన్ అయితే బెల్టు తప్పించండి. సూదులు లెక్కపెట్టి తీసి, లెక్కపెట్టి పెట్టండి. పూసలు, హుక్కులు మూతున్న స్టీలు డబ్బాలో ఉండాలి.

వరలక్ష్మీ వ్రతానికో, దసరాకో, సంక్రాంతికో కావలసినవాటికి మిషన్ పనంతా వారం ముందే ముగించండి. ఆఖరి వారానికి హుక్కులూ హెమ్మింగే మిగలాలి. ఓవర్‌లాక్‌కీ పికోకీ బయట ఇచ్చేవాళ్లు ఇంకా ముందు ఇవ్వాలి, పండగ ముందు షాపులవాళ్లు కొత్త పని తీసుకోవడానికి ఇష్టపడరు.

మూడు సంచీలకు మించి తెరిచి ఉంచకండి. నాలుగోది మొదలుపెట్టాలంటే ఒకటి పూర్తవాలి, లేదా వదులుకోవాలి. రెండేళ్లుగా కదలని గౌను ముక్కలు చిన్నదానికి సరిపోతాయేమో చూడండి. పెద్దవాళ్ల జాకెట్టు ముక్కలోంచి పాపకి జాకెట్టు వస్తుంది. ఏదీ కుదరకపోతే నూలు ముక్కలు బొంతకి, జరీ అంచు చేతిసంచీకి తీసేసి, రీలు డబ్బాలో వేసి, చీటీ చించేయండి.