బేస్‌బాల్ ప్యాంటుకు ఎర్రమన్ను పట్టిందా?

మావాడు ఆటలో పరుగెత్తి చేరాల్సిన బేస్ దగ్గర జారాడంటే చాలు, తెల్ల ప్యాంటు మోకాళ్లు ఎర్రమన్నే. ఇంటికి రాగానే నీళ్లలో ముంచకండి, తడి మన్ను నేతలోకి ఇంకా దిగుతుంది. బాగా ఆరనిచ్చి, దులిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ప్యాంటు తిరగేసి మరక వెనకవైపు కుళాయి ధార పట్టండి. అర బకెట్ చన్నీళ్లలో రెండు స్పూన్ల సబ్బుపొడి వేసి, అరగంట నానబెట్టి ఉతకండి. బ్లీచింగ్ జోలికి పోవద్దు, ఆ మట్టిలో ఇనుముంటుంది, మరక ఇంకా ముదురుతుంది.

అప్పటికీ ఎర్రచార మిగిలితే నిమ్మరసంలో చిటికెడు ఉప్పు కలిపి రాసి, గంటసేపు ఎండలో వేసి జాడించండి. నెల్లూరు జిల్లా నిమ్మ మార్కెట్ పొదలకూరు పక్కనుండగా మనకు నిమ్మకాయలకేం కరువు! (ఎండాకాలం ధర మాత్రం అడగొద్దు.) పక్కన రంగు పట్టీ ఉన్న ప్యాంటైతే దానికి నిమ్మరసం తగలనివ్వకండి, వెలిసిపోతుంది. ఇస్త్రీ చేసేసిన పాతమరకకు ఇది పెద్దగా పనిచేయదు.