స్టెప్పర్ మోటారు ఆగిపోతోందా? చెయ్యి పెట్టేముందు ఇవి చూసుకోండి

బొబ్బిలి వైపు పనస చెక్క మీద చిన్న సీఎన్‌సీతో (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే యంత్రం) పనిచేసే తమ్ముళ్లకి. దాన్ని అడుగు అడుగుగా కదిలించేదే స్టెప్పర్ మోటారు:

- స్పిండిల్ (కట్టర్‌ని తిప్పే మోటారు) ప్లగ్గు పీకి, కట్టర్ విప్పెయ్యండి.

- కరెంటు ఉండగా మోటారు వైరు తియ్యొద్దు, తగిలించొద్దు. డ్రైవర్ (మోటారుకి కరెంటు ఇచ్చే బోర్డు) అక్కడికక్కడే కాలిపోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం ఇదే. స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లు (కరెంటు నిలవ ఉంచే భాగాలు) ఖాళీ అయ్యేదాకా ఆగండి. యూఎస్‌బీ కేబులూ తీసెయ్యండి.

- మోటారు వేడిగా ఉంటుంది, ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, చల్లారనివ్వండి.

- లీడ్ స్క్రూని (మోటారు తిప్పే పొడవాటి మర కడ్డీ) చేత్తో మెల్లగా తిప్పండి. వేగంగా తిప్పితే మోటారే కరెంటు పుట్టించి డ్రైవర్‌ని దెబ్బతీయొచ్చు. బిగుసుకుంటే తప్పు మోటారుది కాకపోవచ్చు. కళింగపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి స్క్రూ తుప్పు పడుతుంది, ముందు అది తుడిచి గ్రీజు రాయండి.

- డ్రైవర్ కరెంటు పెంచేముందు మోటారు రేటింగ్ (అది తట్టుకునే కరెంటు) చూడండి. ఏ4988 అనే డ్రైవర్‌లో సెన్స్ రెసిస్టర్ (కరెంటుని కొలిచేది) 0.1 ఓం అయితే, రిఫరెన్స్ (కరెంటు హద్దుని పెట్టే వోల్టేజి) 0.8 వోల్టులు పెడితే హద్దు 1 ఆంపియర్.

- పాత వేగం, యాక్సిలరేషన్ (వేగం పెరిగే తీరు) విలువలు రాసుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి.