తక్కువ ఖర్చులో విమానం హైజాక్ షార్ట్ ఫిల్మ్ తీయడం ఎలా?

ఒడిశాలో జయపురం, రాయగడ, గునుపురం వైపు మన తెలుగు కుర్రాళ్లు ప్రేమకథలు, దెయ్యం కథలు ఫోన్లోనే తీసేస్తారు. హైజాక్ కథ అనగానే మాత్రం గ్రాఫిక్సుకి డబ్బెక్కడిదని వెనకాడతారు. గ్రాఫిక్సు అక్కర్లేదు. విమానాన్ని ఎగరనివ్వకండి, సగం ఖర్చు అక్కడే తగ్గిపోతుంది.

ముందు కథ. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి ఢిల్లీ రావలసిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఐసీ 814ని హైజాక్ చేశాక, ఇంధనం చాలక అది అమృత్‌సర్‌లో దిగింది. దాదాపు ముప్పావు గంట రన్‌వే మీద ఉండి, ఇంధనం ఎక్కకుండానే లాహోర్‌కి లేచిపోయింది. 1986 సెప్టెంబరు 5న కరాచీలో హైజాకర్ల చేతికి చిక్కిన పాన్ ఆమ్ అనే అమెరికా కంపెనీ విమానమైతే నేల విడవనేలేదు. పైలట్లు కాక్‌పిట్ నుంచి తప్పించుకున్నారు. రాత్రికి కరెంటు అయిపోయి దీపాలు మసకబారాక కాల్పులు మొదలయ్యాయి. అందులో ఎయిర్ హోస్టెస్ నీరజా భనోత్‌ని పొట్టనబెట్టుకున్నది ఆ కాల్పులే. ఆ మనుషుల కథ ముట్టుకోకండి. నేల మీద ఆగిపోయిన విమానం, తరిగిపోతున్న టైము, ఈ రెండూ తీసుకోండి చాలు.

ఇక సెట్టు. 2022లో మన జయపురం నుంచి మొదలైన విమాన సర్వీసు తొమ్మిది సీట్ల బుల్లి సెస్నా. అందులో హైజాక్ పెడితే కామెడీ అయిపోతుంది. ఎయిర్‌బస్ ఎ320 లాంటి పెద్ద విమానం అనుకోండి: లోపలి వెడల్పు సుమారు 3.7 మీటర్లు, నడుమ దారి, అటు మూడు, ఇటు మూడు సీట్లు. పన్నెండడుగుల గది సరిపోతుంది. తుక్కు దుకాణంలో పాత బస్సు సీట్లు, ముగ్గురు కూర్చునేవి, నాలుగు తెచ్చుకుని ఒకవైపే వేయండి. వరసకీ వరసకీ 30 అంగుళాలే వదలండి, మోకాళ్లు తగలాలి. వెదురు బద్దలు విల్లులా వంచి, పాత ఫ్లెక్సు వెనకవైపు తెల్లగా కనబడేలా కప్పితే పైకప్పు తయారు. కిటికీలు ఫోమ్ షీటులో కోయండి, మూలలు గుండ్రంగా. 1954లో కామెట్ విమానాలు కూలాక, పలక మూలల దగ్గరే లోహం బీటలిచ్చిందని తేలింది. అప్పటినుంచీ ప్రయాణికుల జెట్ విమానాలకి చదరపు కిటికీ పెట్టట్లేదు. షేడ్లు దింపేసి ఉంచండి, బయట ఆకాశం చూపించే పని ఉండదు.

మొదటి నిమిషం మాత్రం విమానం గాల్లో ఉండాలి. కూలర్ ఫ్యాన్ మోత రికార్డు చేసి సన్నగా నడపండి, కెమెరా ట్రే మీది నీళ్ల గ్లాసు దగ్గరే ఉంచండి. దిగాక ఆ మోత టక్కున ఆపేయండి. గదిలో ఫ్యాన్లూ కట్టేయండి, చెమట నిజంగానే పడుతుంది.

తుపాకీ గుండు పడగానే విమానం పేలిపోవడం, విలన్ గాల్లో తలుపు తీయడం రాయకండి. చిన్న చిల్లు పడితే గాలి కారుతుందంతే. ఎత్తులో ఉన్నప్పుడు లోపలి గాలి ఒత్తిడికి తలుపు మనిషి బలంతో రాదు. 2001 తర్వాత కాక్‌పిట్ తలుపులు గట్టిపడ్డాయి, తన్నితే ఊడేవి కావు. పైలట్ ట్రాన్స్‌పాండర్‌లో, అంటే విమానం గుర్తు కోడ్ నేల మీది రాడార్‌కి పంపే పెట్టెలో, 7500 కొడితే హైజాక్ అని ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాళ్లకి తెలిసిపోతుంది. మాట లేకుండా వేళ్లు నాలుగంకెలు తిప్పే ఆ షాటు తప్పక పెట్టుకోండి.

డైలాగుల్లో మనకున్న సౌకర్యం ఇంకెవరికీ లేదు. హైజాకర్‌తో ఒడియాలో బతిమాలుతున్న పిన్ని, పక్క సీటు పిల్లవాడితో తెలుగులో "వాడి చెయ్యి వణుకుతోందిరా, చూడు" అంటే చాలు. వాడికి అర్థం కాదు, హాలుకి అర్థమవుతుంది.

షూటింగ్‌కి ముందు పోలీస్ స్టేషన్‌లో తేదీలు, చోటు, బొమ్మ తుపాకులు ఎన్నో రాసిచ్చి రండి. కొరాపుట్, రాయగడ జిల్లాల్లో మావోయిస్టుల గొడవలు చూసిన జనం ముసుగులో ఉన్న మనిషిని చూసి నవ్వరు. టీకి బయటికొచ్చేముందు ముసుగులు తీసి, తుపాకులు పెట్టెలో పెట్టి తాళం వేయండి. తాళంచెవి మాత్రం హీరోకి ఇవ్వకండి.