ఏడాది ఉండటానికి వైజాగ్ వచ్చే ఫారిన్ వాలంటీర్‌ని మొదటి రోజుల్లో ఎలా చూసుకోవాలి?

మన వైజాగ్‌లో ఎన్జీవోలో, అంటే స్వచ్ఛంద సంస్థలో, పనిచేయడానికి బయటి దేశం నుంచి ఓ అమ్మాయో అబ్బాయో వస్తున్నారు, మీ పై గది ఖాళీగానే ఉంది కదా ఉంచుకోండి అని తెలిసినవాళ్లు అడిగితే మనం సరే అనేస్తాం. జర్మనీ ప్రభుత్వం నడిపే వెల్ట్‌వెర్ట్స్ లాంటి పథకాలు 18 నుంచి 28 ఏళ్ల వాళ్లని 6 నుంచి 24 నెలల దాకా పంపిస్తాయి, అంటే వచ్చేది వారం ఉండి పోయే చుట్టం కాదు. కానీ మనం చేసేది చుట్టం మర్యాదే, కాలు కింద పెట్టనివ్వం, ఒక్కళ్లనీ వీధి చివరికి కూడా పంపం, నెల తిరిగేసరికి అటు వాళ్లకి ఊపిరాడదు ఇటు మనకి విసుగు. కాబట్టి మొదటి రోజు నుంచే ఇంట్లో మనిషిలా చూడాలి.

1. ముందు కాగితాలు. ఏడాది పాటు పని అంటే టూరిస్ట్ వీసా చెల్లదు, ఏ వీసా మీద వస్తున్నారో ఎన్జీవో వాళ్లని టికెట్ కొనకముందే అడగండి. విదేశీయులు మీ ఇంట్లో దిగిన 24 గంటల్లోగా ఆ వివరాలు ఆన్‌లైన్‌లో ఇవ్వాలి, అందరూ సి-ఫారం అంటారు చూడండి అదే, హోటళ్లకే కాదు ఇళ్లకీ వర్తిస్తుంది. వీసా 180 రోజులు దాటితే మామూలుగా 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోవాలి, అది ఆ మనిషి పని, కానీ అడ్రస్ ప్రూఫ్ మన దగ్గరే ఉంటుంది కాబట్టి వెంటపడాల్సింది మనమే.

2. రిసీవ్ చేసుకోవడానికి ఒక్కరు వెళ్లండి చాలు. రాత్రంతా విమానాల్లో మారి మారి వచ్చిన మనిషికి కారులో ఐదుగురు, చేతిలో బొకే, దారిలోనే సబ్‌మెరైన్ మ్యూజియం చూపించేద్దాం అనే ఆలోచన, ఇవేవీ వద్దు. స్నానం, నిద్ర, మంచినీళ్లు. ఆగస్టు ఉక్కలో చలిదేశం మనిషికి మొదటి రెండు రోజులు ఒళ్లే అర్థం కాదు, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు గదిలో పెట్టండి, వాటర్ టిన్ ఎక్కడుందో, కుళాయి నీళ్లు ఎందుకు తాగకూడదో చెప్పండి.

3. బాత్రూమ్ చూపించడానికి సిగ్గుపడొద్దు. ఇది ఎవరూ చెయ్యరు, అందుకే రాస్తున్నా. గీజర్ స్విచ్ బయట ఉంటుంది, బకెట్ నింపుకుని మగ్గుతో పోసుకోవాలి, టాయిలెట్ పక్కనున్న చిన్న పైపు దేనికో, పేపర్ వేస్తే లైన్ ఎందుకు జామ్ అవుతుందో, ఇవన్నీ పక్కన నిలబడి ఒక్కసారి చెప్పేస్తే ఆ మనిషి మూడు రోజులు లోలోపల నలిగిపోదు. అలాగే తలుపు గడియ. లోపల్నుంచి గడియ వేసుకుంటే కోపం వచ్చిందనుకోకండి, రోజులో ఓ గంట ఒంటరిగా ఉండటం వాళ్లకి అన్నం తిన్నంత మామూలు విషయం.

4. తిండి దగ్గర చాలా గొడవ జరుగుతుంది. మా వీధిలో ఓ ఇంట్లో దిగిన జర్మన్ అమ్మాయి కంచంలో వేసింది వదిలేస్తే మర్యాద కాదని మొత్తం తినేసేది, ఖాళీ కంచం కనపడగానే ఆ ఇంటావిడ "ఇంకోటి వేసుకోమ్మా" అని దోశ పడేసేది, ఆ పిల్ల మళ్లీ తినేది, ఈవిడ మళ్లీ వేసేది, ఇద్దరిదీ మర్యాదే, మధ్యలో కడుపు పాడైంది. కాబట్టి కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలండీ" అనడం మొదటి పూటే నేర్పించండి, అన్న తర్వాత నిజంగా ఆపండి. మొదటి వారం ఇడ్లీ, పప్పు, పెరుగన్నం, అరటిపండు. ఆవకాయ అడిగితే వేలి కొసకి రాయండి, ఎంత తినగలరో వీడియో తీసి చూసే సరదా మాత్రం వద్దు.

5. రెండో రోజో మూడో రోజో బయటికి, మొదటిసారి తోడు, తర్వాత ఒంటరిగా. రైతు బజార్‌కి తీసుకెళ్లి ఉల్లిపాయలు కొనిపించండి, బస్సెక్కించి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దింపండి, సర్వీస్ ఆటోలో ముందే ఎక్కడిదాకానో చెప్పి ఎక్కాలని చూపించండి. బస్సులో కండక్టర్ పక్కనున్న ఆడవాళ్లని డబ్బులు అడక్కుండా తనని అడిగితే వచ్చిన అమ్మాయి మోసం అనుకుంటుంది, ఆ ఉచిత ప్రయాణం 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రా గుర్తింపు కార్డు ఉన్న ఆడవాళ్లకి అని ముందే చెప్పేయండి. ఇక్కడ బ్యాంకు అకౌంట్ లేనన్నాళ్లూ ఫోన్‌పే కుదరదు, ఐదొందల నోటుకి ఆటో అన్న చిల్లర లేదంటాడు, అందుకని పదులూ ఇరవైలూ ఓ కట్ట ఇవ్వండి. ఎమర్జెన్సీకి 112, మీ నంబరు, రెండూ కాగితం మీద.

సముద్రం గురించి విడిగా చెప్పాలి. ఆర్కే బీచ్, యారాడ చూడగానే వాళ్లకి ఈత గుర్తొస్తుంది, స్విమ్మింగ్ బాగా వచ్చు అంటారు కూడా, కానీ మన దగ్గర అల వెనక్కి లాగే లాగుడు వేరు, ఏటా మనుషులు పోతున్నారు. ఇది మొహమాటం లేకుండా చెప్పాల్సిన మాట. బీచ్‌కి వెళ్తే మురీ మిక్చర్ తిని రండి అనండి. సెల్ఫీ కోసం జనం మూగితే నో అనొచ్చని, అంటే ఎవరూ ఏమీ అనుకోరని కూడా చెప్పండి. అక్టోబర్‌లో వస్తే తుపాను సంగతి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఊరిని ఏం చేసిందో చెప్పి పవర్ బ్యాంక్ ఛార్జ్ చేసి ఉంచుకోమనండి.

6. పక్కింటివాళ్లని కాస్త అదుపులో పెట్టండి. "ఏటమ్మా పెళ్లయిందా, మీ నాన్నకి జీతమెంత, ఇక్కడ నీకెంతిస్తారు" అని గేటు దగ్గరే మొదలెడతారు. ఇవి పలకరింపులే, ఇష్టమైతే చెప్పు లేకపోతే నవ్వి ఊరుకో అని ఆ పిల్లకి ముందే చెప్పి ఉంచితే సగం భయం పోతుంది.

7. "మా ఇండియా ఎలా ఉంది?" అని మొదటి వారం అడక్కండి. బాగుంది అనే చెబుతారు, అబద్ధం కూడా కాదు, కొత్తలో అన్నీ బాగానే కనిపిస్తాయి. కొత్త దేశంలో కలిగే తికమక, అదే కల్చర్ షాక్, దాని గురించి 1960లో రాసిన కలెర్వో ఓబర్గ్ అనే ఆంత్రోపాలజిస్ట్ ఆ మొదటి దశని హనీమూన్ అనే అన్నాడు, తర్వాతే చిరాకులూ ఇంటి బెంగలూ వస్తాయన్నాడు. అందరికీ అదే వరసలో జరగాలనేం లేదు, కానీ పని మొదలై హారన్లూ ఉక్కా రోజూవారీ అయ్యాక ఓ రోజు గదిలోంచి బయటికి రాకపోతే మీ మీద కోపమని కంగారుపడకండి. నెల దాటాక తీరిగ్గా కూర్చోబెట్టి గది, తిండి, పని, ఈ మూడింటిలో ఏది మార్చాలో అడగండి, "ఎవ్రీథింగ్ ఫైన్" అంటే ఇంకో వారం ఆగి, ఈసారి ఇంట్లో జనం లేనప్పుడు, మళ్లీ అడగండి.