షెడ్డులో ఆడిన శిల్పం మైదానంలో ఎందుకు మొండికేస్తుంది?

మనిషి దగ్గరికి రాగానే మోటారుతో రెక్కలు విప్పే శిల్పం షెడ్డులో చక్కగా ఆడుతుంది. హైదరాబాద్ శిల్పారామంలోనో పీపుల్స్ ప్లాజాలోనో నిలబెట్టగానే మొరాయిస్తుంది. వెంటనే అందరూ ల్యాప్‌టాప్ తెరిచి కోడ్ మార్చడం మొదలుపెడతారు. కాస్త ఆగండి. ముందు కరెంటు తీసేసి, రెక్కలు కదిపే షాఫ్ట్‌ను (ఇరుసును) చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఇదొక్కటే ఎవరూ చేయరు. వార్మ్ గేర్ మోటారైతే బయటి నుంచి తిప్పితే తిరగదు, మోటారును షాఫ్ట్‌తో కలిపే కప్లింగ్ విప్పి తిప్పాలి.

ఎక్కడైనా పట్టేస్తుంటే తప్పు నేలది. గచ్చు మీద సమంగా నిలిచిన ఫ్రేమ్ గడ్డి మీద ఒరిగి, బేరింగుల్లో షాఫ్ట్ బిగుస్తుంది. కాళ్ల కింద ప్లేట్లు వేసి లెవెల్ చూసుకోండి.

కదలబోయి, వణికి, ఆగి, మళ్లీ మొదటి నుంచి మొదలవుతోంది

చేత్తో సాఫీగా తిరిగినా ఇలా జరుగుతుంటే సెన్సార్ మార్చకండి, కోటి గుజరాతీ గల్లీకి కొత్త బోర్డు కోసం పరుగెత్తకండి. నూటికి తొంభైసార్లు దొంగ వైరే. మల్టీమీటర్ పెడితే పన్నెండు వోల్టులు నిక్షేపంగా చూపిస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. మోటారు ఆగి ఉన్నప్పుడు కొలిస్తే అలాగే చూపిస్తుంది మరి!

షెడ్డులో 12 వోల్టుల సప్లై పక్కనే ఉంటుంది. మైదానంలో అది ప్లగ్ పాయింటు దగ్గర, 20 మీటర్ల అవతల. 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరైతే, పోనూ రానూ 40 మీటర్లకు సుమారు 0.7 ఓమ్‌ల నిరోధం. మోటారు 5 ఆంపియర్లు లాగితే మూడున్నర వోల్టులు వైరులోనే పోతాయి. పెళ్లి పందిట్లో చివరి బల్బు మసకబారినట్టే ఇదీ. మోటారు కదలడం మొదలయ్యే క్షణంలో కరెంటు ఇంకా ఎక్కువ. శిల్పాన్ని నడిపే కోడ్ ఉండేది అదే లైను మీదున్న ఆర్డుయినో ఊనో అనే చిన్న బోర్డులో. దానికి ఇన్‌పుట్‌లో 7 వోల్టులైనా ఉండాలి. అవి అందక రీసెట్ అవుతుంది, కథ మళ్లీ మొదటికి.

కాబట్టి మోటారు దగ్గర, అది లోడు మీద తిరుగుతుండగా కొలవండి. మీటర్‌లో మిన్-మ్యాక్స్ మోడ్ (అతి తక్కువ, అతి ఎక్కువ రీడింగులను గుర్తుపెట్టుకునేది) ఉంటే వాడండి, క్షణకాలం పడిపోయే వోల్టేజీ మామూలుగా కంటికి చిక్కదు.

నేను చేసే రిపేరు ఇది: లైనులో 24 వోల్టులు పంపి, శిల్పం దిమ్మలో కన్వర్టర్ పెట్టి 12కి దించడం. వైరులో కరెంటు దాదాపు సగమవుతుంది, దారిలో రెండు వోల్టులు పోయినా నష్టం లేదు. కన్వర్టర్ మోటారు స్టార్టింగ్ కరెంటును తట్టుకునేదై ఉండాలి. బోర్డుకు వేరే చిన్న కన్వర్టర్ ఇవ్వండి, గ్రౌండ్ (నెగటివ్) వైరు మాత్రం రెండింటికీ కలపండి. టైం లేకపోతే 4 స్క్వేర్ ఎంఎం వైరు వేయండి, నష్టం ఒక వోల్టు లోపే. ఇప్పుడు కావాలంటే కోడ్ తెరిచి మోటారు వేగం మెల్లగా పెరిగేలా రాసుకోండి. అంతేగానీ 230 వోల్టుల లైనును శిల్పం దాకా లాగుదామనుకోవద్దు, తడి గడ్డి మీద పిల్లలు తిరిగే చోటు అది.

మధ్యాహ్నం పిచ్చిగా ఆడి, సాయంత్రం బుద్ధిగా ఉంటోంది

ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్‌కు ఎండ తగులుతోంది. పైన గొడుగులా రేకు కట్టండి, లేదా శబ్దం ప్రతిధ్వనితో దూరం కొలిచే అల్ట్రాసోనిక్‌కు మారండి. అల్ట్రాసోనిక్ సెన్సార్లు రెండు మూడు పక్కపక్కన ఉంటే, ఒకదాని శబ్దం ఇంకొకటి అందుకోకుండా, ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి పనిచేయించండి.

కాలిన మోటారు డ్రైవర్ సర్క్యూట్, అరిగిన గేరు, ఎలుక కొరికిన వైరు లాంటివి అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.