చెన్నై కచేరీల సీజన్‌లో మధ్యాహ్నాలు వదులుకోకండి

డిసెంబరు మధ్య నుంచి జనవరి మొదటి వారం దాకా చెన్నై సభల్లో, అంటే సంగీత సంస్థల హాళ్లలో, పొద్దున మొదలుకొని రాత్రి వరకు కర్ణాటక సంగీత కచేరీలే. పేరున్న విద్వాంసుల సాయంత్రం కచేరీకి టికెట్ దొరకలేదని టెన్షన్ పడకండి. చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలకు టికెట్ అడగరు, నేరుగా వెళ్లి కూర్చోవచ్చు. పాడేది ఎక్కువగా కుర్రకారే. నన్నడిగితే అసలు మజా అక్కడే ఉంది. ముందు వరుసలో చోటు దొరికితే మృదంగం మీద వేళ్లు ఎలా ఆడుతున్నాయో కూడా కనిపిస్తుంది. త్యాగరాజ కీర్తన ఎత్తుకున్నారంటే సాహిత్యం సూటిగా అర్థమయ్యేది మనకే మరి!

తని ఆవర్తనం, అంటే పాట ఆపి తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం, మొదలవగానే కొందరు క్యాంటీన్‌కి లేస్తారు. మృదంగం, ఘటం పోటాపోటీగా మోగేది అప్పుడే. అందుకే వడ, ఫిల్టర్ కాఫీ సంగతి ముందే చూసుకోండి. మైలాపూర్ చుట్టుపక్కల బస చేస్తే సభలు చాలావరకు దగ్గర.

పొద్దున ఖాళీ ఉంటే ఎగ్మూర్‌లోని ప్రభుత్వ మ్యూజియం చూడండి. మన అమరావతి స్తూపం శిల్పాలు, చోళుల కాలం నటరాజ విగ్రహాలు అక్కడున్నాయి. శుక్రవారం మాత్రం సెలవు.