ఎగుడుదిగుడు సముద్రతీరం వెంట సైకిల్ యాత్ర చేసే విధానం

సముద్రం పక్కన సాగే దారి చదునుగానే ఉంటుందన్న నమ్మకంతో రాతి తీరానికి బయలుదేరినవారు మొదటి రోజు మధ్యాహ్నానికే అలసిపోతారు. ఇసుక తీరాల్లో ఆ నమ్మకం చెల్లుతుంది గాని, కొండలు నేరుగా నీటిలోకి దిగే చోట చెల్లదు. అలలు మెత్తని రాతిని త్వరగా కోసి ఒంపులుగా మారుస్తాయి, గట్టి రాయి మాత్రం కొమ్ములా సముద్రంలోకి పొడుచుకొని నిలుస్తుంది. వాగులూ ఏళ్లూ ఎక్కువగా ఆ ఒంపుల్లోనే సముద్రంలో కలుస్తాయి. గాలి, అలల తాకిడి తక్కువగా ఉండడం వల్ల పడవలు నిలుపుకోవడానికీ అదే అనువైన చోటు. అందుకే మత్స్యకారుల ఊళ్లు చాలావరకు ఆ పల్లాల్లో వెలుస్తాయి. రహదారి ఒక కొండకొమ్మును దాటి ఊరిలోకి దిగుతుంది, ఊరు దాటగానే మరో కొమ్ము ఎక్కడం మొదలుపెడుతుంది. కాబట్టి రోజు ప్రయాణాన్ని నిర్ణయించుకునేటప్పుడు కిలోమీటర్ల కంటే ముందు, ఎన్ని ఊళ్లలోకి దిగి మళ్లీ ఎక్కవలసి వస్తుందో చూసుకోవాలి.

దీన్ని ఒక లెక్కతో చూస్తే విషయం బోధపడుతుంది. మనిషి, సైకిలు, సామాను అన్నీ కలిపి 100 కిలోలు అనుకుందాం. ఆ బరువును 100 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి సుమారు 98 కిలోజౌళ్ల పని చేయాలి. నిలకడగా 100 వాట్ల శక్తితో తొక్కగలిగిన వ్యక్తికి, గాలినీ టైర్ల ఒరిపిడినీ పక్కన పెట్టినా, ఆ ఎత్తు ఎక్కడానికే 16 నిమిషాలు దాటుతుంది. అలాంటి ఎక్కుళ్లు రోజుకు పది వస్తే, ఎత్తుకోసమే రెండు గంటల నలభై నిమిషాలకు పైగా పోతుంది. దిగేటప్పుడు ఆ సమయం తిరిగి వస్తుందని ఆశించకూడదు, ఎందుకంటే ఇరుకు మలుపులతో దిగే ఆ దారి చివర ఊరే ఉంటుంది, బ్రేకులు వదిలే అవకాశం దాదాపు ఉండదు. ఎత్తురేఖలు ఉన్న పటాన్ని ముందు పెట్టుకొని ఒక్కో ఎక్కుడునూ కూడుకుంటూ పోవడం విసుగనిపించినా, ఈ యాత్రకు ఇంతకంటే ఉపయోగపడే ముందస్తు పని మరొకటి లేదు. చదునైన నేల మీద రోజుకు 80 కిలోమీటర్లు హాయిగా తొక్కేవారు ఇక్కడ 45 లేదా 50 కిలోమీటర్లతో ఆగడం మంచిదని నా అభిప్రాయం.

ఎక్కుళ్లు పొట్టిగా, నిటారుగా ఉంటాయి గనుక గేర్ల విషయంలో రాజీ పడకూడదు. పెడళ్ల దగ్గరి చిన్న పళ్లచక్రం కంటే వెనక చక్రానికి ఉండే పెద్ద పళ్లచక్రానికి ఎక్కువ పళ్లు ఉండాలి. ముందు 26, వెనక 36 పళ్లు ఉన్న అమరికలో పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 1.6 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పినా వేగం గంటకు ఐదున్నర కిలోమీటర్లకు కాస్త మాత్రమే మించుతుంది, అయినా మోకాళ్ల మీద భారం పడదు. అంతకంటే నిటారుగా ఉన్న చోట దిగి నడిపించుకుపోవడంలో చిన్నతనం ఏమీ లేదు. టైర్ల వెడల్పు 35 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉంటే ఊళ్లలోని రాళ్లు పరిచిన సందులూ కంకర దారులూ ఇబ్బంది పెట్టవు.

తీరంలో గాలి కూడా ఒక కొండలాంటిదే. పగటివేళ నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది, నేల మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. ఎండ ఉన్న రోజుల్లో ఈ గాలి పొద్దు కాస్త ఎక్కాక మొదలై, మధ్యాహ్నం బలపడి, సాయంత్రానికి తగ్గుతుంది. గాలి కలిగించే నిరోధం వేగం వర్గాన్ని బట్టి, అంటే వేగం రెట్టింపైతే నాలుగు రెట్లుగా, పెరుగుతుంది కాబట్టి, ఎదురుగాలిలో పడే శ్రమ అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా ఉంటుంది. తెల్లవారుతూనే బయలుదేరి, మధ్యాహ్నానికి ముందే పెద్ద కొమ్ములను దాటేయడం మేలు. ఇది రోజుకు సంబంధించిన సంగతి. మొత్తం యాత్ర ఏ దిక్కుగా సాగాలన్నది ఆ ఋతువులో ఎక్కువగా వీచే గాలిని బట్టి నిర్ణయించుకోవాలి. అమెరికా పశ్చిమ తీరంలో వేసవిలో వాయవ్య గాలులు వీస్తాయి గనుక అక్కడ సైకిల్ యాత్రికులు ఎక్కువమంది ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్తారు. అలా వెళ్తే మరో లాభమూ ఉంది: వాహనాలు కుడివైపున నడిచే ఆ దేశంలో సైకిలు సముద్రం వైపు అంచున సాగుతుంది, ఆగి చూడాలంటే రోడ్డు దాటనక్కరలేదు. ఎడమవైపు నడిచే దేశాల్లో సముద్రం ఎడమచేతి పక్కన ఉండే దిక్కును ఎంచుకోవాలి. గాలీ ఈ సౌకర్యమూ పరస్పర విరుద్ధంగా ఉంటే గాలి మాటే వినాలి.

పక్కగాలి మాత్రం శ్రమకు సంబంధించినది కాదు, ప్రమాదానికి సంబంధించినది. కొండను తొలిచిన దారిలోంచి బయటపడి కొమ్ము మలుపు తిరిగిన క్షణంలో గాలి ఒక్కసారిగా పక్కనుంచి కొడుతుంది, సంచుల వెడల్పు వల్ల సైకిలు రోడ్డు మధ్యకో లోయ వైపుకో జరుగుతుంది. బరువైన సామాను సంచుల అడుగున, వీలైనంత కిందుగా సర్దుకోవాలి. అలాంటి మలుపు రాకముందే వేగం తగ్గించి, అంచుకు మరీ ఆనుకోకుండా తొక్కాలి.

ఇక ఊరిలోకి దిగే దారి గురించి వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ యాత్రలో ఎక్కువ జాగ్రత్త అవసరమైనది అక్కడే. బరువున్న సైకిలుకు రిమ్ బ్రేకులు ఉంటే, పొడవైన దిగుడులో ఆపకుండా నొక్కి పట్టడం వల్ల రిమ్ము వేడెక్కి ట్యూబు పగిలే అవకాశం ఉంది. కాసేపు గట్టిగా నొక్కి వేగం తగ్గించి, కాసేపు వదిలి చల్లబడనివ్వడం సరైన పద్ధతి. డిస్క్ బ్రేకులకూ ఇదే వర్తిస్తుంది. దిగుడు ముగిసే చోట రోడ్డు స్వభావం పూర్తిగా మారిపోతుంది. చేపల పెట్టెల నుంచి కారిన నీళ్లు, కరుగుతున్న ఐసు, పొలుసులు, పడవలకు కట్టిన మోకులు, గవ్వపెంకులు అన్నీ ఒకే చోట కనిపిస్తాయి. పడవలను నీటిలోకి దించే ఏటవాలు గట్టు మీద, పోటు నీరు తాకే భాగానికి పాచి పట్టి ఉంటుంది. దాని మీదికి టైరు పోనిస్తే బ్రేకు పట్టేలోపే జారి నీటిలో పడతాం. రేవు కనిపించగానే దిగి నడిపించుకుపోవాలి. విరిగిన గవ్వలు టైరులోకి దిగుతాయి కాబట్టి రేవు దాటాక ఆగి, టైరు చుట్టూ చేత్తో తడిమి చూసుకోవాలి. ఆరబెట్టిన వలల మీదుగా సైకిలు ఎప్పుడూ పోనివ్వకూడదు. వల పోగు తెగితే ఒక కుటుంబానికి పని నష్టం, అదే పోగు వెనక చక్రంలో చుట్టుకుంటే మనకూ నష్టమే. పడవలు వచ్చి చేపలు దించే వేళలో గట్టు మీద ఎవరికీ తీరిక ఉండదు, దారికి అడ్డంగా నిలబడి ఫొటోలు తీయకుండా పక్కకు తప్పుకోవాలి. ఆ హడావిడి తగ్గాక పలకరిస్తే, మధ్యాహ్నం గాలి ఎటు తిరుగుతుందో, మంచు ఎప్పుడు కమ్ముకుంటుందో, ముందున్న దారి ఎక్కడ కోసుకుపోయిందో ఏ యాప్ కంటే వివరంగా చెప్పగలిగేవారు వారే.

ఉప్పుగాలి సైకిలును తినేస్తుంది. ఇనుప బోల్టులు అల్యూమినియం భాగాల్లో బిగించి ఉన్న చోట ఉప్పునీరు చేరితే రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలై, అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. సీటు గొట్టం, పెడళ్ల మరలు, క్యారియర్ బోల్టులు బయలుదేరే ముందే విప్పి గ్రీజు పూసి బిగించుకోవాలి. రోజూ సాయంత్రం సైకిలును మంచినీటితో, ఒత్తిడి లేకుండా కడిగి, చైను తుడిచి ఆరాక నూనె వేసి, పైన మిగిలిన నూనెను గుడ్డతో తీసేయాలి. నూనె జిగురు మిగిలితే ఇసుక అంటుకొని పళ్లను అరగదీస్తుంది. చిన్న ఊళ్లలో మంచినీటికి కొరత ఉండవచ్చు, అప్పుడు బకెట్లు అడగకుండా తడిగుడ్డతో సరిపెట్టుకోవాలి. తాగునీరు కూడా దొరికిన చోటల్లా నింపుకోవాలి, తీరంలోని బావుల్లో కొన్ని ఉప్పగా ఉంటాయి.

కొన్ని దారులు పోటు సమయంలో మునిగిపోతాయి, ఏటిమొగల దగ్గర దాటించే చిన్న పడవలు ఆటు సమయంలో నడవకపోవచ్చు. చాలా తీరాల్లో ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, అంటే రోజురోజుకూ పోటు వేళ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నీరు ఒకే వేగంతో పెరగదు. ఆటు నుంచి పోటు దాకా ఉండే సుమారు ఆరు గంటల్లో మూడో గంట, నాలుగో గంటల్లోనే సగం పెరుగుదల జరుగుతుంది. మొదటి గంటలో నెమ్మదిగా కదిలిన నీటిని చూసి ఇసుకదారి దాటవచ్చనుకుంటే మధ్యలో చిక్కుకుంటాం. అమావాస్య, పౌర్ణమి రోజులకు అటూ ఇటూ పోటు మరింత ఎత్తుకు వస్తుంది, ఆ రోజుల్లో స్థానిక పోటు పట్టిక చూడకుండా అలాంటి దారిలోకి దిగకూడదు. పడవ ఎక్కే ముందు సంచులు విప్పి విడిగా అందించాలి, సైకిలును ఎక్కడ కట్టాలో పడవవారే నిర్ణయిస్తారు.

గుడారం వేసుకోవలసి వస్తే, ఒడ్డున ఎండిన నాచు, పుల్లలు గీతలా పేరుకున్న చోటు కంటే బాగా పైన వేయాలి, ఎందుకంటే కిందటి పోటు అక్కడి దాకా వచ్చిందని ఆ గీతే చెబుతుంది. నిలువు కొండ అడుగున రాళ్లు రాలుతాయి, పడవలు లాగే దారిలో తెల్లవారకముందే పని మొదలవుతుంది, కాబట్టి ఆ రెండు చోట్లనూ వదిలేసి, ఊరివారిని అడిగి వారు చూపిన స్థలంలో వేసుకోవాలి.